ఖాళీ జాబితాకు అర్థమేమిటి? బయటి డేటా, జావా డీఏఓ, బందరు తీరం

బందరు (మచిలీపట్నం) గిలకలదిండి హార్బరు నుంచి బోటు కదిలే ముందు సరంగుకు తెలియాల్సిన సంగతుల్లో ఒకటి, ఇవాళ చేప ఎటువైపు ఉండొచ్చన్నది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, ఉపగ్రహాలు చూసిన సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతను, నీటిలోని క్లోరోఫిల్‌ను ఆధారం చేసుకుని దీనికి జవాబు తయారుచేస్తుంది. తీరం పొడవునా ఒక్కో రేవుకు దిక్కు, దూరం, లోతు చెబుతుంది. తెలుగులోనూ చెబుతుంది. కొన్ని రోజులు మాత్రం ఆ సూచన రాదు. మబ్బు కమ్మి ఉపగ్రహానికి సముద్రం కనబడకపోతే రాదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కనుక అప్పుడు రాదు. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు ఎవరినీ వేటకు పొమ్మనకూడదు కనుక రాదు. సర్వరు పడిపోయినా, మధ్యలో నెట్ తెగినా కూడా రాదు. ఇవి నాలుగు వేరువేరు సంగతులు. బోటు మీద ఉన్నవాడు నాలుగింటికీ నాలుగు రకాలుగా స్పందించాలి. ఫోనులోని యాప్ వెనక ఉన్న జావా మెథడు మాత్రం చాలాసార్లు నాలుగింటికీ ఒకటే జవాబిస్తుంది: ఖాళీ లిస్టు.

మన చేతిలో లేని డేటాను జావా ప్రోగ్రాముతో అడిగేటప్పుడు డేటా యాక్సెస్ ఆబ్జెక్టును (డీఏఓ) ఎలా కట్టాలి అన్న ప్రశ్న మీద పాతికేళ్లుగా చాలా రాశారు, చాలా వాదించుకున్నారు. ఆ వాదనల్లో ఎక్కువ భాగం సౌకర్యం గురించి: ఎంత తక్కువ కోడ్ రాయొచ్చు, ఏ ఫ్రేమ్‌వర్కు వాడితే పని తగ్గుతుంది. కృష్ణా డెల్టా కింది కొస నుంచి చూస్తే ముందు తేల్చుకోవాల్సింది అది కాదు. అడిగినదానికి వచ్చిన జవాబు ఎక్కడిది, ఎప్పటిది, జవాబు రాకపోతే ఎందుకు రాలేదు అన్నవి డీఏఓ చెప్పగలుగుతోందా లేదా అన్నది ముందు తేలాలి.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1997 ఫిబ్రవరిలో జేడీకే 1.1తో పాటు జేడీబీసీ వచ్చింది. దాంతో జావా ప్రోగ్రాము ఏ కంపెనీ డేటాబేసునైనా ఒకే పద్ధతిలో అడగగలిగింది. అయితే ఎస్‌క్యూఎల్ వాక్యాలు ప్రోగ్రాములో ఎక్కడపడితే అక్కడ చేరాయి. టేబుల్లో ఒక కాలమ్ పేరు మారితే యాభై ఫైళ్లు వెతకాల్సి వచ్చేది. ఈ బాధకు మందుగా సన్ మైక్రోసిస్టమ్స్‌లోని దీపక్ ఆలూర్, జాన్ క్రూపీ, డాన్ మాల్క్స్ 2001లో 'కోర్ జే2ఈఈ ప్యాటర్న్స్' పుస్తకంలో డీఏఓకు ఒక స్థిరమైన రూపమిచ్చారు. డేటాతో మాట్లాడే పనంతా ఒక క్లాసులో పెట్టు, మిగతా ప్రోగ్రాముకు ఒక ఇంటర్‌ఫేసు మాత్రమే చూపించు, లోపల ఒరాకిల్ ఉందా ఇంకేదైనా ఉందా అన్నది బయటివాళ్లకు తెలియనక్కర్లేదు అన్నారు. ఇక్కడ గమనించాల్సిన విషయమొకటుంది. వాళ్లు డేటాబేసు గురించి మాత్రమే చెప్పలేదు. డైరెక్టరీ సర్వర్లు, వేరే కంపెనీలు ఇచ్చే సేవలు, క్రెడిట్ సమాచారమిచ్చే సంస్థలు కూడా ఇదే ఇంటర్‌ఫేసు వెనక ఇమిడిపోతాయని రాశారు. బయటి డేటా ప్రశ్న డీఏఓతో పాటే పుట్టింది. దానికి జవాబు కూడా అప్పుడే సిద్ధంగా ఉన్నట్టు కనిపించింది.

తర్వాతి సంగతులు వేగంగా చెప్పుకోవచ్చు. మార్టిన్ ఫౌలర్ 2002లో డేటాను చేరే దారులను విడదీసి ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టాడు. ఎరిక్ ఎవాన్స్ 2003లో రిపాజిటరీ అన్న ఆలోచనను ప్రచారంలోకి తెచ్చాడు. హైబర్నేట్, ఐబాటిస్, స్ప్రింగ్, ఆ తర్వాత 2006లో జేపీఏ వచ్చి, చేత్తో రాసే డీఏఓ కోడును బాగా తగ్గించేశాయి. స్ప్రింగ్ డేటాలో ఇంటర్‌ఫేసుకు మెథడు పేరు పెడితే చాలు, లోపలి క్వెరీ దానంతటదే తయారవుతుంది. ఇదంతా మన డేటాబేసు మన గదిలోనే ఉన్నంతకాలం హాయిగా సాగుతుంది.

కానీ అదే సన్ మైక్రోసిస్టమ్స్‌లో, జావా ఇంకా లోకానికి తెలియని 1994లోనే, జిమ్ వాల్డో, జెఫ్ వయాంట్, ఆన్ వోల్‌రాత్, శామ్ కెండాల్ కలిసి ఒక చిన్న పత్రం రాశారు. పక్కనే ఉన్న ఆబ్జెక్టునూ దూరంగా వేరే యంత్రంలో ఉన్న ఆబ్జెక్టునూ ఒకే తీరుగా పిలవాలనుకోవడం పొరపాటని వాళ్ల వాదన. ఆలస్యం, మెమరీని చేరే తీరు, సగంలో విఫలం కావడం, ఏకకాలంలో పనులు నడవడం, ఈ నాలుగింటిలో దూరం ఉన్నదానికీ లేనిదానికీ పోలికే లేదన్నారు. ముఖ్యంగా మూడోది. ఒకే యంత్రంలో అయితే మొత్తం నడుస్తుంది, లేదా మొత్తం ఆగుతుంది. దూరంలో అలా కాదు. అడిగిన మాట చేరిందో లేదో తెలియదు. చేరినా జవాబు బయలుదేరిందో లేదో తెలియదు. 2001 నాటి డీఏఓ ఆ హెచ్చరికను పట్టించుకోలేదు. లోపల ఏముందో తెలియనక్కర్లేదు అన్న సూత్రాన్ని దూరానికి కూడా వర్తింపజేసింది. నా దృష్టిలో ఆ తర్వాత వచ్చిన చిక్కులన్నీ ఇక్కడినుంచి మొదలైనవే.

డెల్టాలో దూరాన్ని మరచిపోయే వీలు లేదు, ఎందుకంటే ఇక్కడికి కావాల్సిన డేటాలో చాలా భాగం వేరేచోట పుడుతుంది. దివిసీమ లంకల్లో రేపు ఎంత నీరు వస్తుందో విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర తెలుస్తుంది. అంతకంటే ముందు పులిచింతల, నాగార్జునసాగర్ దగ్గర తెలుస్తుంది. వాన, తుఫాను సంగతి భారత వాతావరణ శాఖ చెబుతుంది. సముద్రం సంగతి హైదరాబాదు నుంచి వస్తుంది. ధాన్యం ధర మార్కెటింగ్ శాఖల పోర్టళ్ల నుంచి వస్తుంది. ఈ సంస్థలు వేరు, వాటి కాలమానాలు, కొలతలు వేరు. గుడ్లవల్లేరులోనో బందరులోనో ఇంజనీరింగ్ చదివే పిల్లలు వీటన్నిటినీ ఒక తెర మీద చూపించే ప్రాజెక్టు తలపెడితే, వాళ్ల మొదటి తగాదా జావాతో కాదు, ఈ తేడాలతోనే.

కాలంతో మొదలుపెడదాం. వాతావరణ శాఖ ఒక తేదీ వేసి ఇచ్చే వర్షపాతం ఆ రోజు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా పడినది కాదు. ముందురోజు ఉదయం 8:30 నుంచి ఆ రోజు ఉదయం 8:30 దాకా పడినది. 19వ తేదీ సాయంత్రం అవనిగడ్డలో కుండపోతగా కురిస్తే అది 20వ తేదీ లెక్కలో కనబడుతుంది. డీఏఓలో ఈ విలువ పక్కన వట్టి తేదీ పెట్టి ఇచ్చామంటే, వాడుకునేవాడు కచ్చితంగా తప్పు రోజుకు జతచేస్తాడు. బందరులో వాతావరణ శాఖకు 43185 నంబరు గల పరిశీలన కేంద్రముంది. బెలూన్లతో పై గాలిని కొలిచే ఇలాంటి కేంద్రాల లెక్కలు గ్రీనిచ్ కాలంలో ప్రపంచానికి వెళ్తాయి. అక్కడి 00 గంటలంటే మనకు తెల్లవారి 5:30. జావా 8తో 2014లో వచ్చిన జావా టైమ్ ప్యాకేజీ దీన్ని చక్కగా పట్టుకోగలదు. ఒక క్షణానికి ఇన్‌స్టంట్, మండలాన్ని బట్టి మారే కాలానికి జోన్డ్ డేట్‌టైమ్ అని వేరువేరు టైపులున్నాయి. వర్షపాతానికి మాత్రం ఇవేవీ ఒంటరిగా చాలవు. దానికి మొదలు, చివర రెండూ కావాలి. రెండు ఇన్‌స్టంట్లు ఉన్న ఒక రికార్డు కట్టి, దాన్నే డీఏఓ తిరిగి ఇవ్వాలి.

కొలతలది ఇంకో కథ. బ్యారేజీ దగ్గర మనవాళ్లంతా క్యూసెక్కుల్లో మాట్లాడతారు, జలాశయాల నిల్వ టీఎంసీల్లో చెబుతారు. అంతర్జాతీయ నమూనాలు, చాలా శాస్త్రీయ డేటా ఘనపు మీటర్లలో ఉంటాయి. ఒక క్యూమెక్కు, అంటే సెకనుకు ఒక ఘనపు మీటరు, దాదాపు 35.31 క్యూసెక్కులు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దాటిన రికార్డు వరద 11.43 లక్షల క్యూసెక్కులు. దాన్నే క్యూమెక్కుల్లో రాస్తే 32 వేల పైచిలుకు. ఆ రెండో అంకె కొలత పేరు లేకుండా డబుల్ అన్న టైపులో వస్తే, చదివేవాడు దాన్ని క్యూసెక్కులనుకుని నిశ్చింతగా నిద్రపోతాడు. ధాన్యం విషయంలో పోర్టళ్ల ధర క్వింటాలుకు, గుడివాడ పక్క రైతు లెక్క 75 కిలోల బస్తాకు. 2024-25కి సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2300 రూపాయలు, బస్తాకు 1725. గాలి వేగం మరీ చిక్కు. మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు చెబుతుంది. అమెరికా నౌకాదళపు తుఫాను కేంద్రం ఒక నిమిషం సగటు చెబుతుంది. ఒకే తుఫానుకు ఇద్దరి అంకెలూ వేరుగా ఉండటం ఎవరి తప్పూ కాదు. డీఏఓ ఆ రెంటినీ 'గాలివేగం' అన్న ఒకే ఫీల్డులో పోస్తేనే తప్పు జరుగుతుంది. కొలతలకు టైపులిచ్చే ప్రమాణం జావాలో జేఎస్‌ఆర్ 385 పేరుతో 2019 నుంచి ఉంది. అది బరువనిపిస్తే మూడు చిన్న రికార్డులు చేత్తో రాసుకున్నా సరిపోతుంది. బందరు రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబరు చూడటానికి అంకెలా ఉన్నా కొలత కాదు, కోడు. దాన్ని ఇంటీజరుగా పెడితే ఎవరో ఒకరు సగటు తీస్తారు. అది ఈనమ్‌గా ఉండాలి.

స్థలం అన్నిటికంటే మోసం చేస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది, కైకలూరు పక్క మండలాలు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి, బందరు కేంద్రంగా కృష్ణా జిల్లా మిగిలింది. పేరు అదే, నేల వేరు. పదేళ్ల ధాన్యం దిగుబడి డేటాను 'జిల్లా = కృష్ణా' అని అడిగితే మధ్యలో ఒక పెద్ద పల్లం కనబడుతుంది. అది కరువు కాదు, సరిహద్దు. ఈ తేదీని ప్రోగ్రాములో ఎక్కడో పైపొరలో సర్దుకుందామంటే ప్రతి తెరలోనూ సర్దాలి. డీఏఓ పొరలోనే 'ఏ తేదీనాటి కృష్ణా' అని అడిగే వీలుంటే ఒకేచోట తెగుతుంది. మండలం స్థాయిలో అడిగి మనమే కూడుకోవడం ఇంకా మేలు. ఇంగ్లీషులో ఊళ్ల పేర్లు ఒక్కో శాఖ ఒక్కోలా రాస్తుంది కనుక, పోలిక కుదరాలంటే పేరును నమ్ముకోకుండా కేంద్రం నిర్వహించే స్థానిక పాలనా సంస్థల డైరెక్టరీ కోడును పట్టుకోవాలి.

ఇంత వైవిధ్యాన్ని అందుకోవడానికి ఇప్పటిదాకా వాడుకలోకి వచ్చిన దారులు ముఖ్యంగా నాలుగు. మొదటిది, అవతలి సంస్థ డేటాబేసుకే నేరుగా జేడీబీసీతో తగులుకోవడం. ఒకే సంస్థలో రెండు విభాగాల మధ్య తప్ప ఇది ఇప్పుడు ఎవరూ ఇవ్వరు, ఇవ్వకపోవడమే మంచిది. వాళ్ల టేబుల్ మారిన రోజు మన ప్రోగ్రాము కూలుతుంది. మనం రాసిన చెత్త క్వెరీ వాళ్ల సర్వరును కుంగదీస్తుంది. రెండోది, డేటాబేసునే మధ్యవర్తిగా పెట్టడం. పోస్ట్‌గ్రెస్‌లో 2011 నుంచి ఫారిన్ డేటా రాపర్లున్నాయి. బయటి డేటా మన టేబులులాగే కనబడుతుంది, మామూలు ఎస్‌క్యూఎల్‌తో కలిపి అడగొచ్చు. జావా ప్రపంచంలో అపాచీ కాల్‌సైట్, ట్రినో ఇదే పని పెద్ద ఎత్తున చేస్తాయి. విశ్లేషణకు ఇవి అద్భుతమైన పనిముట్లు. కానీ దూరాన్ని దాచడంలో ఇవి డీఏఓకంటే ఒక మెట్టు పైన ఉన్నాయి. ఒక జాయిన్ వెనక ఎన్నిసార్లు నెట్ దాటుతున్నామో రాసినవాడికే తెలియదు.

మూడోది, ఇవాళ ఎక్కువమంది చేసేది: డీఏఓ లోపలినుంచి హెచ్‌టీటీపీ ఏపీఐని పిలవడం. 2012లో మొదలైన డేటా డాట్ గవ్ డాట్ ఇన్ వేదిక ఇలాగే డేటా ఇస్తుంది. ఒక కీ తీసుకోవాలి, జేసన్ కావాలో సీఎస్‌వీ కావాలో చెప్పాలి, ఎక్కడినుంచి ఎన్ని వరుసలో చెప్పాలి. అక్కడ ప్రయత్నించి చూడటానికి ఇచ్చే నమూనా కీతో అడిగితే పది వరుసలకు మించి రావు. ఏ తప్పూ చూపకుండా పది వచ్చి ఆగిపోతాయి. పది చూసి రాష్ట్రమంతటా పదే మార్కెట్లున్నాయనుకునే ప్రోగ్రాము రాయడం చాలా తేలిక. జవాబులో మొత్తం ఎన్నో, ఇప్పుడిచ్చినవి ఎన్నో రెండూ ఉంటాయి. డీఏఓ ఆ రెంటినీ పోల్చి, తక్కువొస్తే మిగతావి అడగాలి, లేదంటే అసంపూర్ణమని ఒప్పుకోవాలి.

ఈ దారిలో పాత అలవాట్లు కొన్ని ప్రాణం తీస్తాయి. హైబర్నేట్ వాడినవాళ్లందరికీ ఎన్ ప్లస్ వన్ సమస్య తెలుసు: జాబితా ఒక క్వెరీ, జాబితాలో ఒక్కో వరుసకు మళ్లీ ఒక్కో క్వెరీ. పక్కగదిలో డేటాబేసు ఉంటే అది కాస్త నిదానమే అవుతుంది. ఒక జిల్లాలోని 25 మండలాలకు విడివిడిగా బయటి ఏపీఐని అడిగి, ఒక్కో జవాబుకు అర సెకను పట్టిందనుకుంటే పన్నెండున్నర సెకన్లు తెర ఖాళీగా ఉంటుంది. జావా 21తో 2023లో వచ్చిన వర్చువల్ థ్రెడ్లతో 25 ప్రశ్నలూ ఒకేసారి వదలొచ్చు. మనకు హాయి, అవతలి సర్వరుకు కాదు. దాంతో కోటా అయిపోయి కీ మూసుకుపోతుంది. ఒకే ప్రశ్నలో 25 అడిగే వీలుందా అని ముందు చూడాలి. ఇంటర్‌ఫేసులోని మెథడు ఒక్క మండలాన్ని కాక, మండలాల సమూహాన్ని తీసుకోవాలి.

టైమవుట్ సంగతి ఇంకా ముఖ్యం. జావా 11తో వచ్చిన హెచ్‌టీటీపీ క్లయింటులో మనం సమయం చెప్పకపోతే అది జవాబు కోసం ఎంతసేపైనా కూర్చుంటుంది. పాత యూఆర్‌ఎల్ కనెక్షను కూడా అంతే. అవతల సర్వరు పడిపోతే కనీసం తెలుస్తుంది. పడిపోకుండా నీరసించి, కనెక్షను తీసుకుని మాట్లాడకుండా ఉంటే మన థ్రెడ్లన్నీ ఒక్కొక్కటే వెళ్లి అక్కడ చిక్కుకుంటాయి. తుఫాను ముందురోజు సరిగ్గా ఇదే జరుగుతుంది, ఎందుకంటే ఆ రోజు అందరూ ఒకే సర్వరును అడుగుతారు. మైకేల్ నైగార్డ్ 2007లో 'రిలీజ్ ఇట్' పుస్తకంలో చెప్పిన సర్క్యూట్ బ్రేకరు దీనికే: వరసగా కొన్నిసార్లు విఫలమైతే కాసేపు అడగడం మానెయ్, తర్వాత ఒకసారి పరీక్షించి చూడు. రెజిలియెన్స్4జే లాంటి లైబ్రరీలతో ఇప్పుడిది కొన్ని వరుసల పని. మళ్లీ మళ్లీ ప్రయత్నించడం కూడా తెరిపి పెంచుకుంటూ చేయాలి. కుంగిన సర్వరును తరుముతూ అడిగితే అది లేవదు.

నాలుగో దారి, బయటి డేటాను ఒక వేళ ప్రకారం తెచ్చి మన డేటాబేసులో పెట్టుకుని, డీఏఓ ఆ నకలును మాత్రమే అడగడం. తెచ్చే పని ఒక ప్రోగ్రాముది, ఇచ్చే పని ఇంకోదానిది. ఇది పాత పద్ధతిలా అనిపిస్తుంది, డిస్కు ఖర్చవుతుంది, డేటా కాస్త పాతబడుతుంది. అయినా డెల్టాకు పనికొచ్చే దారి ఇదేనని గట్టిగా నమ్ముతున్నాను. నెట్ తెగిన రాత్రి కూడా మన దగ్గరున్నంత మేరకు చెప్పగలం. నిన్నటి అంకెను వాళ్లు ఇవాళ సవరిస్తే రెండూ మన దగ్గరుంటాయి. బయటి రూపాన్ని మన రూపంలోకి మార్చే చోటు ఒక్కటే ఉంటుంది. ఎవాన్స్ యాంటీ కరప్షన్ లేయర్ అని పిలిచింది దీన్నే. ఒక షరతు మాత్రం ఉంది: ప్రతి వరుసకూ మూడు అదనపు కాలమ్‌లు తప్పవు. ఎక్కడినుంచి వచ్చింది, ఎప్పుడు కొలిచింది, ఎప్పుడు మన దగ్గరికి చేరింది. కొలిచిన వేళ, చేరిన వేళ ఒకటి కావు. వీటిని కలిపేసిన వ్యవస్థల్లో మూడు గంటల కిందటి బ్యారేజీ అంకె ఇప్పటిదానిలా వెలిగిపోతూ కనబడుతుంది.

ఈ నాలుగో దారికి మంచి సాక్ష్యం సముద్ర శాస్త్రంలోనే ఉంది. ఎర్‌డాప్ అనే సర్వరును అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవాలో బాబ్ సైమన్స్ జావాలో రాశాడు. ఇది టామ్‌క్యాట్ మీద నడుస్తుంది. ఇన్‌కాయిస్ కూడా దీన్ని నడుపుతోంది. హిందూ మహాసముద్రంలో తేలే ఆర్గో బోయీల లెక్కలకు ఇన్‌కాయిస్ ప్రాంతీయ కేంద్రం. ఎర్‌డాప్ చేసే పనిని ఒక్క మాటలో చెప్పాలంటే ప్రపంచస్థాయి డీఏఓ. లోపల డేటా ఫైళ్లలో ఉన్నా, డేటాబేసులో ఉన్నా, వేరే దేశపు సర్వరులో ఉన్నా, అడిగే పద్ధతి ఒకటే. ఎవరు ఏ రూపంలో కాలం రాసినా అది ఒకే ప్రమాణానికి మార్చి ఇస్తుంది. ప్రతి డేటాసెట్టుకూ దాని పుట్టుపూర్వోత్తరాలు, ప్రతి కాలమ్‌కూ దాని కొలత తోడుగా వస్తాయి. కొలత పేరు లేని అంకె అక్కడ బయటికి రావడమే కష్టం.

దాని కోడులోని క్లాసుల పేర్లు చదివితే ఒక పాఠం దొరుకుతుంది. వేరే ఎర్‌డాప్ నుంచి డేటాను అక్కడికక్కడ తెచ్చి ఇచ్చే క్లాసులు వేరు, వేరేచోటి డేటాకు స్థానికంగా నకలు తయారుచేసి దాన్ని తాజాగా ఉంచే క్లాసులు వేరు. రెండూ బయటివాడికి ఒకే ఇంటర్‌ఫేసు చూపిస్తాయి. అయితే ఏది ఎంచుకోవాలన్నది సర్వరు నడిపేవాడు ఆలోచించి రాసుకోవాల్సిన నిర్ణయం, దానంతటది జరిగిపోయేది కాదు. వాల్డో బృందం కోరింది ఇలాంటి స్పష్టతే. ఎర్‌డాప్ మూలం అందరికీ అందుబాటులో ఉంది. డీఏఓ నేర్చుకోవడానికి ఉద్యోగుల జీతాల టేబుల్ ఉదాహరణ చదివే బదులు మన పిల్లలు ఆ కోడు ఒక నెల చదివితే ఎంతో మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు ఇంటర్‌ఫేసు దగ్గరికి వద్దాం. జావాలో పేర్లకు యూనికోడ్ అక్షరాలు మొదటినుంచీ చెల్లుతాయి కాబట్టి తెలుగులోనే రాసి చూపిస్తాను. పాత డీఏఓలో 'వేటసూచనలు(రేవు, తేదీ)' అని మెథడు ఉంటుంది, లిస్టును తిరిగి ఇస్తుంది. జావా 8 తర్వాత లిస్టు బదులు ఆప్షనల్ పెట్టి ఆధునికమైందనుకున్నారు. ఆప్షనల్ 'లేదు' అని చెప్పగలదు, 'ఎందుకు లేదు' అని చెప్పలేదు. 2021లో జావా 17తో సీల్డ్ ఇంటర్‌ఫేసులు ఖాయమయ్యాక దీనికి భాషలోనే మంచి పరిష్కారం దొరికింది. 'జవాబు' అన్న సీల్డ్ ఇంటర్‌ఫేసు కింద నాలుగు రికార్డులు పెట్టొచ్చు: 'అందింది', 'పాతది', 'జారీకాలేదు', 'అందలేదు'. 'జారీకాలేదు'లో కారణముంటుంది: మబ్బు, నిషేధం, అలలు. 'అందలేదు'లో చివరిసారి ఎప్పుడు అందిందో ఉంటుంది. జావా 21 నుంచి స్విచ్‌లో వీటిని విడదీసి చూడొచ్చు. ఒక్క రకాన్ని పట్టించుకోకపోయినా కంపైలరు ఒప్పుకోదు. తెర తయారుచేసేవాడు 'నిషేధ కాలం' అనీ, 'సమాచారం చేరలేదు, వేరే దారిలో కనుక్కోండి' అనీ వేరువేరుగా రాయక తప్పదు.

ఇవన్నీ ఎక్సెప్షన్లతో చేయొచ్చు కదా అంటారు కొందరు. నిజంగా విడ్డూరమైనదానికి ఎక్సెప్షన్ సరిపోతుంది. స్ప్రింగ్ తన డేటా ఎక్సెప్షన్లను తాత్కాలికమైనవి, శాశ్వతమైనవి అని విడదీసింది, అది తెలివైన పని. మళ్లీ అడిగితే ఫలితముందా లేదా అన్నది పిలిచినవాడికి తెలుస్తుంది. కీ చెల్లదంటే మళ్లీ అడిగి లాభం లేదు. కాని బయటి డేటా అందకపోవడం విడ్డూరం కాదు, అది మామూలు వాతావరణం. మామూలుగా జరిగేదాన్ని తిరిగి ఇచ్చే టైపులో పెట్టాలి. పైపెచ్చు ఎస్‌క్యూఎల్ ఎక్సెప్షన్, ఐఓ ఎక్సెప్షన్ ఇంటర్‌ఫేసు దాటి పైకి వచ్చాయంటే లోపల ఏముందో బయటపడిపోయినట్టే. అలా అయితే డీఏఓ కట్టి ప్రయోజనమేముంది? కింద ఎస్‌క్యూఎల్ నడుస్తుంటే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు, వనరులు మూయడానికి జావా 7 నుంచి ఉన్న ట్రై పద్ధతి, కీలను కోడులో కాక బయట ఉంచడం, ఇవి చెప్పక్కర్లేనంత ప్రాథమికం.

పరీక్షల విషయంలో చాలా ప్రాజెక్టులు అసలు ఏపీఐనే పిలిచి, పచ్చ గీత వస్తే సంతోషిస్తాయి. అది ఆ రోజు నెట్ బాగుందని మాత్రమే రుజువు చేస్తుంది. నిజంగా వచ్చిన జవాబులను ఫైళ్లలో దాచి, వైర్‌మాక్ లాంటి నకిలీ సర్వరుతో వాటిని తిరిగి వడ్డించి పరీక్షించాలి. మంచి జవాబులు మాత్రమే దాస్తే చాలదు. సగంలో తెగిన జేసన్, ముప్పై సెకన్ల మౌనం, రెండు వందల కోడుతో వచ్చిన 'సైటు నిర్వహణలో ఉంది' అన్న పేజీ, ఇవన్నీ దాచాలి. మూడోది మన పోర్టళ్ల దగ్గర తరచుగా ఎదురయ్యేదే, దాన్ని విజయంగా లెక్కించే డీఏఓలు కోకొల్లలు.

ప్రాణాలతో ముడిపడిన ఒక ఉదాహరణ ఇక్కడ చెప్పాలి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'సచేత్' వేదిక ద్వారా పంపే హెచ్చరికలు క్యాప్ అనే అంతర్జాతీయ రూపంలో ఉంటాయి. ఆ ఎక్స్‌ఎంఎల్‌లో ఎక్కడ, ఎంత తీవ్రం, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్న ఫీల్డులతో పాటు రెండు చిన్న ఫీల్డులుంటాయి. ఒకటి ఇది నిజమైనదా, కసరత్తా, పరీక్షా అని చెబుతుంది. ఇంకోటి ఇది కొత్తదా, పాతదాని సవరణా, రద్దా అని చెబుతుంది. నా ప్రోగ్రాముకు శీర్షిక, వివరణ చాలు అని డీఏఓ ఆ రెండు ఫీల్డులనూ వదిలేస్తే, మాక్ డ్రిల్ నిజమైన ఉప్పెన హెచ్చరికవుతుంది, రద్దయిన హెచ్చరిక కొత్తదవుతుంది. ఒకసారి అబద్ధపు హెచ్చరిక విన్న ఊరు తర్వాతిసారి కదలదు. బయటి రికార్డులోంచి ఏది వదిలేయాలన్నది అందువల్ల కోడు చక్కదనానికి సంబంధించిన నిర్ణయం కాదు. దాన్ని నాగాయలంకలోనో కోడూరులోనో హెచ్చరిక అందుకునేవాళ్ల వైపునుంచి చూసి తీసుకోవాలి.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు పదివేల ప్రాంతంలో జనం పోయారు. రోడ్లు, తీగలు తెగిపోయాయి. అక్కడినుంచి కబురు రాకపోవడాన్ని అక్కడేమీ జరగలేదని చదువుకునే ప్రమాదం ఎంతటిదో ఈ నేలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఖాళీ లిస్టు మీద నేనింత పట్టుబట్టడానికి కారణం అదే. ఏ కేంద్రం నుంచి అంకెలు ఆగిపోయాయో అక్కడే పరిస్థితి అన్నిటికంటే విషమంగా ఉండొచ్చు. గాలివాన కొలిచే పరికరం గాలివానకే కొట్టుకుపోతుంది. డీఏఓ దాన్ని సున్నాగా మార్చి సగటులో కలిపితే మ్యాపు మీద ఆ మండలం ప్రశాంతంగా పచ్చగా కనిపిస్తుంది.

పాత డేటాను ఎంతదాకా వాడొచ్చు అన్నదానికి మాత్రం ఒకే సంఖ్య లేదు, ఉండకూడదు కూడా. క్యాష్‌కు పదిహేను నిమిషాలని ఒకే విలువ పెట్టి అన్నిటికీ వాడటం చూస్తుంటాం. ధాన్యం ధర నిన్నటిదైనా పనికొస్తుంది. వేట సూచన దాని గడువు దాటితే అసలు చూపకూడదు. బ్యారేజీ నుంచి వదిలిన నీటి లెక్క వరద రోజుల్లో గంట పాతదైనా ఆ మాట తెర మీద ఉండాలి. అందుకని 'ఎంత పాతదైతే ఒప్పుకుంటావు' అన్నది డీఏఓ లోపల దాచిన స్థిరాంకంగా కాక, మెథడుకు ఇచ్చే పారామీటరుగా ఉండాలి. ఏ విలువ ఇవ్వాలో ప్రోగ్రామరు ఊహించి రాయకూడదు. బ్యారేజీలో వదిలిన నీరు పులిగడ్డ చేరడానికి ఎంతసేపు పడుతుందో ఆ కరకట్టల మీద డ్యూటీ చేసే ఇంజనీర్లకు తెలుసు. లంకలో గొడ్డూగోదా తోలుకుని గట్టెక్కడానికి ఎంతసేపు కావాలో అక్కడి రైతుకు తెలుసు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలే సమయమెంతో, ఆ మెథడులో పెట్టాల్సిన అంకె అంతకు మించకూడదు.